చిన్న దెబ్బ, నెల తరువాత పెద్ద ముప్పు
మెదడు పొరల మధ్య రక్తం ఎందుకు ఆగకుండా ఊరుతుంది?

ఇంట్లో పెద్దవాళ్లు జారిపడటం మనకు కొత్త కాదు. స్నానాల గదిలో కాలు జారుతుంది. రాత్రి మూత్రానికి లేచినప్పుడు గడప తగులుతుంది. మేత వేయబోతే గేదె తల విదిలిస్తుంది. తలకు చిన్న బొప్పి కడితే పసుపో, కొబ్బరినూనో రాస్తాము. రెండు రోజులకు నొప్పి పోతుంది. ఆ సంగతి అందరూ మరచిపోతారు.

మూడు నాలుగు వారాల తరువాత ఆ పెద్దాయన నడకలో తేడా కనబడుతుంది. చెప్పిందే మళ్లీ చెబుతారు. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండో చెప్పు మరచిపోతారు. అన్నం తింటూ తింటూనే కునుకుతారు. "వయసు మీద పడింది" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కల్లు అలవాటు ఉన్న మనిషైతే "తాగి తూలుతున్నాడు" అంటారు. కాలూ చెయ్యీ లాగితే "పక్షవాతం తగిలింది" అని నాటుమందుకు తీసుకుపోతారు.

ఈ మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు. కాని నాలుగో కారణం ఒకటి ఉంది. దాన్ని సమయానికి పట్టుకుంటే, పుర్రెకు ఒకటి రెండు రంధ్రాలు పెట్టే ఆపరేషన్‌తో మనిషి చాలావరకు మునుపటిలా లేచి తిరుగుతారు. పట్టుకోకపోతే మంచం పడతారు, ప్రాణం కూడా పోవచ్చు. దీన్ని వైద్యులు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. మెదడు పైపొర కింద నెమ్మదిగా, వారాల తరబడి చేరే పాత రక్తం అన్నమాట.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వేలు తెగితే కొద్ది నిమిషాల్లో రక్తం ఆగిపోతుంది. మరి తల లోపల చిన్న నరం తెగితే నెల రోజులైనా ఎందుకు ఆగదు? దీనికి జవాబు తెలిస్తే ఈ జబ్బు ఆలస్యంగా ఎందుకు బయటపడుతుందో, ఆపరేషన్ తరువాత కొందరికి మళ్లీ ఎందుకు వస్తుందో కూడా తెలుస్తుంది.

తల లోపల ఏముంది?

మన మెదడు పుర్రె లోపల మూడు పొరల మధ్య భద్రంగా ఉంటుంది. పుర్రెకు ఆనుకుని ఉండేది మందమైన పొర, దాని పేరు డ్యూరా. దాని కింద సాలెగూడులాంటి పలుచని పొర ఉంటుంది. అన్నిటికన్నా లోపలి పొర మెదడును అంటిపెట్టుకుని ఉంటుంది. మెదడు నుంచి చెడు రక్తాన్ని తీసుకుపోయే సన్నని సిరలు ఈ పొరలను దాటి డ్యూరాలోని పెద్ద కాలువల్లో కలుస్తాయి. వాగు మీద వేసిన వంతెనలాగ ఇటు నుంచి అటు సాగి ఉంటాయి కాబట్టి వీటిని వంతెన సిరలు అంటారు.

వయసు పెరిగేకొద్దీ మెదడు కొద్దికొద్దిగా చిక్కిపోతుంది. పచ్చి పల్లికాయలో గింజ పొట్టు నిండా ఉంటుంది. అదే కాయను ఎండబెట్టి చెవి దగ్గర ఊపి చూడండి, గింజ లోపల ఆడుతూ చప్పుడు వస్తుంది. ముసలితనంలో పుర్రెలోని మెదడుకు కూడా అలాగే కొంత ఖాళీ ఏర్పడుతుంది. వంతెన సిరలు మరింత సాగి బిగుసుకుంటాయి. అప్పుడు చిన్న కుదుపు చాలు, ఒక సిర చిట్లవచ్చు, లేదా డ్యూరా దాని కింది పొర నుంచి విడిపోయి సందు ఏర్పడవచ్చు. ఆ సందులోకి కొద్దిగా రక్తం చేరుతుంది. మొదట్లో అది అంత కొద్దిగా ఉంటుంది కనుక మనిషికి ఏమీ తెలియదు. అందుకే చాలామంది రోగులకు అసలు దెబ్బ తగిలిన సంగతే గుర్తుండదు.

దెబ్బా? వాపా? పాత వాదన

ఈ జబ్బు గురించి వైద్యులు ఏనాటి నుంచో వాదించుకున్నారు. 1857లో జర్మనీ దేశపు ప్రసిద్ధ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఇది దెబ్బ వల్ల వచ్చేది కాదనీ, డ్యూరా పొరలో వచ్చే వాపు వల్ల కొత్త పొరలు పుట్టి వాటి నుంచి రక్తం కారుతుందనీ చెప్పాడు. 1914లో ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు విల్‌ఫ్రెడ్ ట్రాటర్ ఆ మాట కాదన్నాడు. తలకు తగిలిన దెబ్బతో సిర చిట్లడమే దీనికి మూలమని వాదించాడు. ఆ తరువాత 1932లో గార్డ్‌నర్ అనే వైద్యుడు ఇంకో మాట చెప్పాడు. పాత రక్తం కరిగి చిక్కబడి చుట్టూ ఉన్న నీటిని తనలోకి గుంజుకుంటుందనీ, అందుకే గడ్డ పెరుగుతుందనీ ఆయన ఊహించాడు. కాని ఆ ద్రవాన్ని తీసి పరీక్షించినప్పుడు, నీటిని గుంజుకునేంత చిక్కదనం అందులో లేదని తేలింది.

ఈనాటి పరిజ్ఞానంతో చూస్తే ట్రాటర్ చెప్పిందీ, విర్కో చెప్పిందీ రెండూ సగం సగం నిజమే. మొదలుపెట్టేది దెబ్బ. దాన్ని వారాల తరబడి నడిపించేది వాపు, ఆ వాపులో పుట్టే కొత్త రక్తనాళాలు.

మేలు చేసే పదార్థమే కీడు చేస్తే

మన ఒంట్లో ఎక్కడ గాయమైనా దాన్ని మాన్పడానికి రక్తం కావాలి. రక్తం రావాలంటే దారి కావాలి. అందుకని గాయం దగ్గర చేరిన కణాలు "ఇక్కడ కొత్త రక్తనాళాలు వేయండి" అని కబురు పంపుతాయి. ఆ కబురు మోసే పదార్థాలనే రక్తనాళాల ఎదుగుదల కారకాలు అంటారు. వాటిలో ముఖ్యమైనది వి.ఇ.జి.ఎఫ్. తల్లి కడుపులో బిడ్డకు రక్తనాళాలు ఏర్పడటానికి, తెగిన చర్మం అతుక్కోవడానికి ఇది తప్పక కావాలి. ఇది లేకపోతే మనం లేము.

అయితే దీనికి రెండో గుణం ఒకటి ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో హెరాల్డ్ డ్వొరాక్ బృందం 1983లో, కేన్సర్ గడ్డల నుంచి వచ్చే ఒక పదార్థం రక్తనాళాల గోడలను వదులు చేసి నీరు కారేలా చేస్తోందని కనిపెట్టింది. 1989లో కాలిఫోర్నియాలో నెపోలియన్ ఫెరారా రక్తనాళాలను పెంచే పదార్థాన్ని వేరుచేసి దానికి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు పెట్టాడు. రెండూ ఒకటేనని తరువాత తేలింది. అంటే రక్తనాళాలను పుట్టించేదీ ఇదే, వాటిని కారేలా చేసేదీ ఇదే.

ఇప్పుడు మెదడు పొరల దగ్గరికి వద్దాము. సందులో చేరిన రక్తాన్ని శరీరం గాయంగానే చూస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి తెల్లకణాలు వస్తాయి. రెండు మూడు వారాల్లో ఆ రక్తం చుట్టూ సంచిలాగ ఒక కొత్త పొర ఏర్పడుతుంది. లోపలివైపు పొర పలుచగా ఉంటుంది. డ్యూరా వైపు ఉన్న బయటి పొర మాత్రం మందంగా ఉండి దాని నిండా కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. జపాన్, జర్మనీ మొదలైన దేశాల్లో వైద్యులు ఆపరేషన్‌లో తీసిన ఈ పాత రక్తాన్ని పరీక్షించారు. అదే రోగి చేతి నుంచి తీసిన రక్తంతో పోల్చితే అందులో వి.ఇ.జి.ఎఫ్. ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడింది.

తొందరలో పుట్టిన ఈ నాళాలు గట్టివి కావు. మన రైతులకు ఈ సంగతి కాలువల లెక్కన చెబితే సులువుగా అర్థమవుతుంది. సిమెంటు లైనింగు చేసిన పెద్ద కాలువలో నీళ్లు అంతగా ఇంకిపోవు. అదే తొందరలో పలుగూ పారా పట్టుకుని పొలంలో తీసిన పిల్లకాలువ కట్ట మొత్తం ఊటే. రెండు రోజులు నీళ్లు పారితే పక్క మడి చిత్తడి అవుతుంది. ఇక్కడి కొత్త నాళాలు కూడా అలాంటివే. గోడ పలుచన, కణాల మధ్య సందులు, చుట్టూ పట్టి ఉంచే కండ సరిగా లేదు. వాటిలోంచి నీరూ, ఎర్రకణాలూ ఊరుతూనే ఉంటాయి.

మామూలుగా కొత్త నాళాలను గట్టిపరిచే పదార్థం కూడా మన ఒంట్లో ఉంది. దాని పేరు ఆంజియోపోయిటిన్-1. దానికి ఎదురుగా నాళాలను వదులు చేసే ఆంజియోపోయిటిన్-2 ఉంటుంది. ఈ జబ్బులో రెండోదానిదే పైచేయి అవుతుంది. అంటే కాలువలు తవ్వే కూలీలు వచ్చారు గాని, లైనింగు వేసే మేస్త్రీలు రాలేదు.

మరి గడ్డ కట్టి ఆగిపోవచ్చు కదా?

వేలు తెగినప్పుడు రక్తాన్ని ఆపేది గడ్డకట్టడమే. ఇక్కడ అదీ సరిగా జరగదు. ఒంట్లో గడ్డలను కరిగించే పదార్థాలు కూడా ఉంటాయి, పని అయిపోయిన గడ్డను తీసివేయడం వాటి పని. ఈ సంచి పొర నుంచి అలాంటి పదార్థాలు అతిగా వస్తాయి. కొత్తగా కట్టిన గడ్డ కట్టినట్టే కరిగిపోతుంది. అందుకే ఆపరేషన్‌లో బయటికి వచ్చేది గడ్డ కాదు, బండికి ఆయిల్ మార్చేటప్పుడు కిందికి కారే పాత ఇంజనాయిల్‌లాంటి నల్లని పలుచని ద్రవం.

ఇలా ఒక చక్రం తిరుగుతుంది. రక్తం ఊరుతుంది. ఊరిన రక్తం వాపును పెంచుతుంది. వాపు మరింత వి.ఇ.జి.ఎఫ్.ను పుట్టిస్తుంది. దానితో మరిన్ని కారే నాళాలు పుడతాయి. మళ్లీ రక్తం ఊరుతుంది. కొందరిలో ఈ చక్రం తనంతట తానే ఆగి రక్తం ఇంకిపోతుంది. మరికొందరిలో వంద మిల్లీలీటర్లకు పైగా చేరి మెదడును పక్కకు నెడుతుంది. మొదటి దెబ్బకూ, రోగి పడిపోయే రోజుకూ మధ్య వారాలు గడవడానికి కారణం ఇదే.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

అరవై దాటిన వారందరూ జాగ్రత్తగా ఉండాలి. ముఖ్యంగా గుండె జబ్బుకూ, పక్షవాతానికీ రక్తం పలుచబడే మందులు వాడేవారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి ఈ కోవలోవి. మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారికీ, కాలేయం చెడినవారికీ, మూర్ఛలు వచ్చి తరచుగా పడేవారికీ ముప్పు ఎక్కువే.

మద్యం, కల్లు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అతిగా తాగేవారిలో మెదడు తొందరగా చిక్కిపోతుంది, కాలేయం చెడి రక్తం సరిగా గడ్డకట్టదు, పైగా తూలి పడటం మామూలే. మూడు కారణాలూ ఒకే మనిషిలో చేరుతాయి. పాలమూరు ప్రాంతంలో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు ఎంత నష్టం చేసిందో మనకు తెలుసు. అది తాగిన మనిషి మత్తుగా పడి ఉంటే తల లోపల రక్తం చేరిందో, కల్లు మత్తో ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. తాగకుండా ఉన్న రోజున కూడా తూలుతుంటే, మత్తుగా ఉంటే తప్పక స్కానింగ్ చేయించాలి.

మన జిల్లాల్లో ఇంకొక కష్టం ఉంది. పనిచేసే వయసు వాళ్లు బొంబాయి, పుణె, హైదరాబాదుకు బతకపోతారు. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, చిన్నపిల్లలు మిగులుతారు. తాత నడక మారిన సంగతి గమనించే పెద్ద మనిషి ఇంట్లో ఉండరు. అందుచేత ఇరుగుపొరుగు, సంఘస్థులు ఆ భారం తీసుకోవాలి. వారం వారం కలిసే పెద్దమ్మ ఈసారి మీ పేరు తడుముకుంటే నవ్వి ఊరుకోకండి, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా అవ్వా?" అని అడగండి. ఫోనులో తండ్రి మాట ముద్దగా వినిపిస్తే దూరాన ఉన్న కొడుకు వెంటనే పక్కింటివారికి ఫోను చేసి చూడమనాలి.

గుర్తులు ఏమిటి?

• రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు.
• నడకలో తూలడం, మాటిమాటికీ పడిపోవడం.
• ఒకవైపు కాలు, చెయ్యి బలహీనపడటం. చేతిలోని గ్లాసు జారిపోవడం.
• మాట తడబడటం, ముద్దగా రావడం.
• మతిమరుపు, అయోమయం, స్వభావం మారిపోవడం.
• పగలంతా మత్తుగా నిద్రపోవడం.
• మూత్రం తెలియకుండా పోవడం.
• మూర్ఛ రావడం.

పక్షవాతానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? పక్షవాతం ఎక్కువగా ఉన్నట్టుండి, నిమిషాల్లో వస్తుంది. ఈ జబ్బు రోజులలో, వారాలలో పెరుగుతుంది. ఒకరోజు బాగున్నట్టు, మరునాడు బాగాలేనట్టు కనబడుతుంది. మతిమరుపు జబ్బు ఏళ్ల తరబడి పెరిగితే ఇది కొద్ది వారాల్లోనే ముదురుతుంది. అయినా పైకి చూసి ఖాయంగా చెప్పడం డాక్టరుకైనా కష్టమే. అందుకే స్కానింగ్ లేకుండా "పక్షవాతం" అని అనుకుని రక్తం పలుచబడే మాత్రలు మొదలుపెట్టకూడదు. పక్షవాతం కొందరికి రక్తనాళం మూసుకుపోయి వస్తుంది, కొందరికి రక్తం కారి వస్తుంది. మూసుకున్నప్పుడు ఇచ్చే మందు రక్తం కారుతున్నవారికి కీడు చేస్తుంది.

పరీక్ష సులువే

తలకు మామూలు సి.టి. స్కానింగ్ చాలు. మందు ఎక్కించనవసరం లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పుర్రె లోపలి అంచున నెలవంక ఆకారంలో ఈ రక్తం కనబడుతుంది. తాజా రక్తం తెల్లగా, పాతబడినది నల్లగా కనిపిస్తుంది. నల్లని నెలవంకలో అక్కడక్కడ తెల్లని చారలుంటే, పాత రక్తంలోకి కొత్తగా కూడా ఊరుతోందని వైద్యులు గ్రహిస్తారు. కొందరికి రెండు వైపులా ఉంటుంది.

ఒక ముఖ్యమైన మాట. దెబ్బ తగిలిన రోజున తీసిన స్కానింగ్ బాగుందని నిశ్చింతగా ఉండిపోకూడదు. పైన చెప్పిన చక్రం ఆ తరువాత మొదలుకావచ్చు. వారాల తరువాత గుర్తులు కనబడితే మళ్లీ స్కానింగ్ తీయించాలి.

చికిత్స ఎలా చేస్తారు?

రక్తం కొద్దిగా ఉండి రోగి బాగుంటే, మళ్లీ మళ్లీ స్కానింగ్ చేస్తూ కనిపెట్టి చూస్తారు. మెదడును నొక్కుతూ గుర్తులు కనబడుతుంటే ఆపరేషన్ కావాలి. తలవెంట్రుకలు తీసి, పుర్రెకు ఒకటి లేక రెండు చిన్న రంధ్రాలు వేసి, పాత రక్తాన్ని బయటికి వదిలి, సెలైన్ నీటితో శుభ్రంగా కడుగుతారు. బలహీనంగా ఉన్న ముసలివారికి మొత్తం మత్తు ఇవ్వకుండా, ఆ చోట మాత్రమే తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి కూడా చేయవచ్చు. చాలామందిలో ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే మాట, నడక మెరుగుపడతాయి.

కడగడం వల్ల మెదడు మీద ఒత్తిడి తగ్గడమే కాదు, ఆ ద్రవంలో నిండి ఉన్న వి.ఇ.జి.ఎఫ్., గడ్డను కరిగించే పదార్థాలు కూడా బయటికి పోతాయి. చక్రం తెగుతుంది. తరువాత ఒకటి రెండు రోజులు సన్నని గొట్టం పెట్టి మిగిలినది కూడా కారిపోనిస్తారు. ఆ గొట్టం ఎంత ముఖ్యమో 2009లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వైద్యులు చూపించారు. గొట్టం పెట్టనివారిలో నూటికి 24 మందికి రక్తం మళ్లీ చేరగా, పెట్టినవారిలో 9 మందికి మాత్రమే చేరింది. కాబట్టి "తలలో గొట్టం ఎందుకు, తీసేయండి" అని డాక్టరును తొందరపెట్టకండి.

అయినా కొందరికి మళ్లీ ఎందుకు వస్తుంది? కారే నాళాలున్న బయటి పొర లోపలే ఉండిపోతుంది కనుక. చిక్కిపోయిన మెదడు వెంటనే ఉబ్బి ఆ ఖాళీని నింపలేదు కనుక. ఈ కారణంగానే ఆపరేషన్ తరువాత కూడా డాక్టరు చెప్పిన తేదీకి వచ్చి చూపించుకోవాలి.

ఊటను మూలంలో ఆపే కొత్త పద్ధతి

డ్యూరాకు, దాని కింద పుట్టిన కొత్త నాళాలకు రక్తం ఇచ్చే ఒక ధమని ఉంది. దాని పేరు మధ్య మెనింజియల్ ధమని. తూము మూస్తే పిల్లకాలువ ఎండిపోతుంది కదా! అదే ఆలోచనతో తొడ దగ్గర లేక మణికట్టు దగ్గర నుంచి సన్నని తీగలాంటి గొట్టాన్ని పంపి ఆ ధమని కొమ్మలను మూసివేస్తారు. 2000 సంవత్సరంలో జపాన్ వైద్యులు ఇలా చేసి బాగుపడిన ఒక రోగి గురించి రాశారు. 2024లో అమెరికాలో 400 మంది మీద జరిగిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ ఒక్కటే చేసినవారిలో 90 రోజుల్లో నూటికి 11 మందికి మళ్లీ ఆపరేషన్ అవసరం కాగా, ధమనిని కూడా మూసినవారిలో నూటికి 4 మందికే అవసరమైంది.

పేపర్లు చదివేవారికి బ్రెజిల్ దేశాధ్యక్షుడు లూలా సంగతి గుర్తుండవచ్చు. 2024 అక్టోబరు 19న ఆయన ఇంట్లో స్నానాల గదిలో పడ్డారు, తల వెనుక కుట్లు పడ్డాయి. వారాల తరువాత తలనొప్పి వచ్చి, పరీక్షిస్తే తలలో రక్తం చేరి ఉంది. డిసెంబరు 10న ఆపరేషన్ చేశారు, రెండు రోజుల తరువాత ఈ ధమనిని మూశారు. అప్పటికి ఆయన వయసు 79. కోలుకుని మళ్లీ పనిలో చేరారు. దేశాధ్యక్షుడి ఇంట్లోనైనా, మన ఇంట్లోనైనా స్నానాల గది తడిగానే ఉంటుంది. తేడా అంతా తలనొప్పి వచ్చినప్పుడు స్కానింగ్ దాకా ఎంత తొందరగా చేరామన్నదే.

మందులతో తగ్గదా?

వాపును తగ్గిస్తే వి.ఇ.జి.ఎఫ్. కూడా తగ్గుతుంది కదా, స్టెరాయిడ్ ఇస్తే సరిపోదా అని వైద్యులు కూడా ఆలోచించారు. 2020లో ఇంగ్లండులో వెలువడిన పెద్ద పరిశీలనలో డెక్సామెథసోన్ ఇచ్చినవారికి మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గింది. కాని ఆరు నెలల తరువాత చూస్తే వారిలో బాగున్నవారి సంఖ్య మందు ఇవ్వనివారికన్నా తక్కువ. బాగున్నవారు ఒకవైపు నూటికి 84, మరోవైపు 90. గడ్డ తగ్గడం ఒకటి, మనిషి బాగుపడటం ఒకటి. అందుచేత "తలలో వాపుకు" అని ఊళ్లో డెక్సా ఇంజక్షన్లు వేయించుకోవద్దు. షుగరు ఉన్నవారికి అది మరీ ప్రమాదం.

కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ కొత్త నాళాలను గట్టిపరచి మేలు చేయవచ్చని 2018లో చైనా వైద్యులు 200 మంది మీద జరిపిన పరిశీలనలో కనబడింది. ఆపరేషన్ అవసరం లేని కొందరికి డాక్టరు దీన్ని ఇవ్వవచ్చు. ఆపరేషన్‌కు ఇది బదులు కాదు.

వి.ఇ.జి.ఎఫ్.నే అడ్డుకునే మందులు లేవా? ఉన్నాయి. షుగరు వల్ల కంటి తెర దెబ్బతిన్నవారికి కంట్లో వేసే ఇంజక్షన్లు అలాంటివే. బెవాసిజుమాబ్ అనే మందును 2004లో అమెరికాలో పెద్దపేగు కేన్సర్‌కు అనుమతించారు. ఆ తరహా మందును మన హైదరాబాదు కంపెనీలు హెటెరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో మన దేశంలో విడుదల చేశాయి. కాని మెదడు పొరల రక్తానికి ఈ మందు నిరూపితమైన చికిత్స కాదు. ఇవి కేన్సర్ రోగుల్లో ఒక్కోసారి రక్తస్రావం కలిగిస్తాయి, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

మనం ఎక్కడికి వెళ్లాలి?

ఒకప్పుడు మెదడు ఆపరేషన్ అంటే వేలూరు దాకా రైలెక్కవలసి వచ్చేది. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని డాక్టర్ జేకబ్ చాందీ 1949లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలోనే ప్రారంభించారు. ఇప్పుడు అంత దూరం పోనవసరం లేదు. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ ఉంది. గద్వాల, అలంపూర్ వైపు వారికి కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. దగ్గరలో సి.టి. స్కానింగ్ ఎక్కడ ఉందో ముందే తెలుసుకుని ఉంచుకోండి. మొదటి మెట్టు అదే.

ఖర్చు గురించి భయపడి ఇంట్లో ఉంచుకోకండి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కర్నూలు వేరే రాష్ట్రంలో ఉంది కనుక, మీ కార్డు అక్కడ పనికివస్తుందో లేదో బయలుదేరేముందే కనుక్కోండి. మనిషి మత్తులో ఉంటే, మూర్ఛ వస్తే 108కి ఫోను చేయండి. నోట్లో నీళ్లు, మందులు పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

పాఠకులు అడిగే ప్రశ్నలు

మా నాన్న గుండెకు ఎకోస్ప్రిన్ వాడుతున్నారు. ఇది చదివి ఆపేయాలా?
ఆపవద్దు. మీ అంతట మీరు ఆపితే గుండెపోటు రావచ్చు. కాని ఆయన తలకు ఎంత చిన్న దెబ్బ తగిలినా అదే రోజు డాక్టరుకు చూపించండి, వాడే మాత్రల చీటీ వెంట తీసుకుపోండి.

ఎనభై ఏళ్ల మనిషికి తల ఆపరేషన్ తట్టుకునే శక్తి ఉంటుందా?
ఇది ఎక్కువగా ముసలివారికి వచ్చే జబ్బే, ఆపరేషన్లూ ఎక్కువగా వారికే జరుగుతాయి. ఏ ఆపరేషన్‌కైనా ప్రమాదం ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు చూసి డాక్టరు చెబుతారు. వయసు ఒక్కటే చూసి వద్దనుకోకండి.

ఆపరేషన్ తరువాత మా అవ్వకు మతిమరుపు పూర్తిగా పోతుందా?
ఈ రక్తం వల్ల వచ్చిన మతిమరుపు చాలావరకు తగ్గుతుంది. అంతకుముందే ఉన్నది ఉండవచ్చు. ఎంత ఆలస్యంగా వస్తే అంత తక్కువ కోలుకుంటారు.

పడకుండా చూడటమే మొదటి మందు

స్నానాల గదిలో పాకుడు పట్టనివ్వకండి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి. పెద్దవాళ్లకు చేతికర్ర ఇవ్వండి, కంటిలో శుక్లాలు ఉంటే తీయించండి. బి.పి. మాత్ర వేసుకున్నవారు మంచం మీది నుంచి ఒక్కసారిగా లేవకుండా కాసేపు కూర్చుని లేవాలి. బండి మీద వెళ్లేవారు వెనుక కూర్చున్నా సరే హెల్మెట్ పెట్టుకోవాలి.

పెద్దవాళ్లు ఎప్పుడైనా పడితే ఆ తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టండి. మూడు నెలల వరకు ఆ గీతను మరచిపోకండి. ఈలోగా నడక, మాట, మతి మారితే "వయసు" అనేముందు ఆ తేదీ చూడండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందుగా చెప్పవలసిన మాట అదే: "ఫలానా రోజు పడ్డారు. అప్పుడు బాగానే ఉన్నారు. ఇప్పుడు బాగాలేరు." ఈ మూడు ముక్కలతో స్కానింగ్ దాకా దారి తొందరగా దొరుకుతుంది.